క్లబ్బులో తొలి సెట్: పెళ్లిళ్ల డీజే ఏమేం మార్చుకోవాలి?

చిత్తూరు_దరువు:

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో ఉంటాను. పెళ్లి రిసెప్షన్లకు, వినాయక చవితి ఊరేగింపులకు, కళాశాల వార్షికోత్సవాలకు డీజేగా పని చేస్తున్నాను. పలమనేరు నుంచి పుత్తూరు దాకా, అటు తిరుపతి వరకు కార్యక్రమాలు బాగానే దొరుకుతున్నాయి కాబట్టి జనాన్ని ఆడించడం నాకు కొత్త కాదు. ఈ మధ్య ఒక రిసెప్షన్‌లో నా పని చూసిన పెద్దమనిషి ఒకరు చెప్పిన మాట మీద, బెంగళూరు కోరమంగలలోని ఒక నైట్‌క్లబ్ వారు శనివారం రాత్రి తొలి సెట్ వాయించమని నన్ను అడిగారు. తొమ్మిది గంటల నుంచి పదిన్నర వరకు నాది, ఆ తరువాత ముంబయి నుంచి వచ్చే ప్రధాన డీజేది. ఆయన ఎక్కువగా హౌస్ సంగీతం, అంటే ఒకే స్థిరమైన దెబ్బ మీద సాగే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం, వాయిస్తారట.

నా సందేహం ఏమిటంటే, పెళ్లిలో నేను మొదలుపెట్టిన కాసేపటికే జనం కుర్చీల్లోంచి లేవకపోతే పెళ్లివారు నా వైపు అదోలా చూడడం మొదలుపెడతారు, అందుచేత మొదటి పాటే గట్టిది వేయడం నాకు అలవాటైపోయింది. క్లబ్బులో తొలి సెట్‌కు ఈ పద్ధతి పనికిరాదని, పైగా ప్రధాన డీజేకు కోపం కూడా వస్తుందని విన్నాను. అలాంటప్పుడు సగం ఖాళీగా ఉన్న హాలులో గంటన్నర సేపు ఏం వాయించాలి? ఎంత వేగంతో మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి? ఎవరూ ఆడకపోతే నేను విఫలమైనట్టేనా?

మరొక ఇబ్బంది కూడా ఉంది. ఇంతకాలం లాప్‌టాప్‌లో వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్, దానికి తగిలించిన చిన్న కంట్రోలర్, వీటి మీదే పని చేశాను. అక్కడ లాప్‌టాప్ అవసరం లేదని, రెండు సీడీజేలు (క్లబ్బుల్లో పాటలు నడిపే డెక్‌లు), వాటి శబ్దాన్ని కలిపే ఒక డీజేఎం మిక్సర్ ఉంటాయని చెప్పారు. వాటిని వీడియోల్లో చూడడమే తప్ప చేత్తో ముట్టుకున్నది లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

బైరాగిపట్టెడ_రాత్రి:

తమ్ముడూ, ముందుగా అభినందనలు. నేను తిరుపతివాడినే. ఉద్యోగరీత్యా బెంగళూరు చేరి, వారాంతాల్లో అక్కడి క్లబ్బుల్లో వాయిస్తున్నాను, అవీ ఎక్కువగా తొలి సెట్లే. మన ఊళ్లో డీజే అంటే ఊరేగింపు బండి మీద పెట్టెలు పేర్చినవాడే గుర్తుకు వస్తాడు కాబట్టి, ఈ పని ఏమిటో మా ఇంట్లోవాళ్లకు కూడా నేటికీ సరిగా అర్థం కాలేదు. మీకు మాత్రం అర్థమవుతుంది.

పెళ్లికి వచ్చినవారు ఆడడానికి ముందే సిద్ధపడి వస్తారు, ఒకరికొకరు తెలుసు, పెళ్లికొడుకు స్నేహితులు నలుగురు లేస్తే మిగిలినవారిని వాళ్లే లాగుతారు. తొమ్మిది గంటలకు క్లబ్బులోకి అడుగుపెట్టేవారు అలా కాదు. వాళ్లు పక్క టేబులువారిని ఎన్నడూ చూసి ఉండరు, పగలంతా పనిచేసిన అలసట ఇంకా దిగలేదు, చేతిలో మొదటి గ్లాసు కూడా ఉండదు, మాట్లాడుకోవాలని వచ్చారు. ఆ సమయంలో మీరు గట్టి పాట వేస్తే వాళ్లు లేచి ఆడరు సరికదా, మాట వినపడక బయటి వరండాలోకి వెళ్లి నిలబడతారు. తొలి డీజే పని జనాన్ని ఆడించడం కాదు, వచ్చినవారు వెళ్లిపోకుండా ఉండేలా, ఇంకాసేపట్లో ఇక్కడ ఏదో బాగుంటుందని వాళ్లకే అనిపించేలా చేయడం. కాబట్టి ఎంతమంది ఆడారన్నది మీకు కొలత కాదు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి తొంగిచూసినవారు లోపలికి వచ్చారా లేదా, బార్ దగ్గర నిలబడ్డవారి మడమలు కదులుతున్నాయా, పది గంటల ప్రాంతంలో గ్లాసులు పట్టుకున్న చిన్న గుంపులు డాన్స్ ఫ్లోర్ అంచుకు జరిగాయా అన్నవి గమనించండి. పదిన్నరకు ఫ్లోర్ సగం నిండి, ఆ సగంలో కొందరు అప్పటికే ఊగుతూ ఉంటే మీ పని పూర్తిగా నెరవేరినట్టే.

వేగం విషయానికి వస్తే, హౌస్ వాయించేవారు సాధారణంగా 120 నుంచి 128 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య ఉంటారు. ఆయన 124 దగ్గర మొదలుపెడతారనుకుంటే మీరు 105 ప్రాంతంలో మొదలుపెట్టి, 120 లేదా 121 దగ్గర అప్పగించడం మంచిది. అయితే నిచ్చెన ఎక్కినట్టు ప్రతి పాటకూ వేగం పెంచుకుంటూ పోవద్దు. మూడు నాలుగు పాటలు ఒకే వేగంలో ఉంచి, గది స్పందన చూసి ఒకటి రెండు అంకెలు పెంచి, అవసరమైతే కాస్త తగ్గడానికీ వెనకాడకండి. వేగం కంటే ముఖ్యమైనది బరువు. 118 బీపీఎం మీద కూడా గదిని అదరగొట్టే పాటలున్నాయి, 122 మీద కూడా తేలికగా నడిచేవి ఉన్నాయి. నిమిషం సేపు ఊరించి ఒక్కసారిగా బేస్ దింపే పాటలను, అంటే పెద్ద డ్రాప్ ఉన్నవాటిని, పూర్తిగా ప్రధాన డీజేకు వదిలేయాలి. ఊరింపు, విడుదల అనే ఆ ఆట ఒక రాత్రిలో కొన్నిసార్లే పనిచేస్తుంది, మీరు దాన్ని తొమ్మిదిన్నరకే ఖర్చు పెట్టేస్తే ఆయన దగ్గర మిగిలేది శబ్దం పెంచడం ఒక్కటే.

ఆయన రికార్డు చేసిన సెట్లు ఇంటర్నెట్‌లో ఉంటే రెండు మూడు శ్రద్ధగా వినండి. ఆయన సొంత పాటలు, ఆయన తరచుగా వేసే పాటలు ఏవో గుర్తించి మీ పాటల జాబితాలోంచి తీసేయండి. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు, ఒకే పాట రాత్రిలో రెండుసార్లు వినిపిస్తే రెండవసారి దానికి బలం ఉండదు. డిస్కో, నెమ్మదిగా నడిచే హౌస్, ఆఫ్రో హౌస్, డబ్ వంటివాటిలో మాటలు తక్కువగా, బేస్ గీత (కింది స్థాయి స్వరాల వరస) స్పష్టంగా ఉండి, ఎక్కువ సేపు ఒకే నడకలో సాగేవాటిని ఎంచుకోండి. గంటన్నరకు ఇరవై పాటలకు మించి పట్టవు, కానీ యాభై అరవై తీసుకువెళ్లండి. వర్షం వచ్చి తొమ్మిదిన్నర దాకా ఒక్కరూ రాకపోవచ్చు, లేదా ఏ కంపెనీ వారో నలభై మంది ఒక్కసారిగా దిగిపోవచ్చు. వరస ముందే నిర్ణయించుకుని వెళ్లినవారు ఈ రెండు సందర్భాల్లోనూ ఇరుక్కుపోవడం నేను చాలాసార్లు చూశాను.

చిత్తూరు_దరువు:

అన్నా, చాలా ధన్యవాదాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. తెలుగు పాటల సంగతి కూడా చెప్పండి. కోరమంగలలో మనవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరో ఒకరు వచ్చి ఫలానా పాట వేయమని అడగక మానరు. నా దగ్గర మన జానపదాల రీమిక్స్‌లు, పలకల (డప్పుల) దరువు కలిపి నేనే చేసుకున్న ట్రాక్‌లు కొన్ని ఉన్నాయి. వాటిని హౌస్ మధ్యలో కలపబోతే బీపీఎం సరిపోయినా వినడానికి ఏదో తేడాగా, కాళ్లకు అడ్డం పడుతున్నట్టుగా ఉంటుంది. రెండు పాటల వేగాన్ని యంత్రమే కలిపే సింక్ బటన్ నొక్కినా అదే పరిస్థితి.

డోలు_నేర్చినవాడు:

మీకు అడ్డం పడుతున్నది వేగం కాదు, గతి. నేను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నాను, డీజే విద్యతో నాకు పరిచయం తక్కువ. కానీ ఈ ఒక్క విషయం మాత్రం లయ తెలిసినవారు చెప్పవలసినదే.

హౌస్ సంగీతంలో ప్రతి దెబ్బ నాలుగు సమభాగాలుగా విడిపోతుంది, మన పరిభాషలో అది చతురశ్రగతి, తకధిమి. మన పలకల దరువుల్లో, ఊరేగింపుల్లో జనం ఎగిరే పాటల్లో చాలావాటికి ప్రతి దెబ్బ మూడుగా విడిపోతుంది, అది తిశ్రగతి, తకిట. రెండు పాటలకూ నిమిషానికి 110 దెబ్బలే ఉన్నా, ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒకదానిలో మూడు, మరొకదానిలో నాలుగు అక్షరాలు నడుస్తుంటాయి. పెద్ద దెబ్బలు చక్కగా కలుస్తాయి, మధ్య అక్షరాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అవుతాయి. యంత్రం చూసేది పెద్ద దెబ్బలను మాత్రమే కాబట్టి సింక్ బటన్ ఇక్కడ మీకు సాయం చేయలేదు.

మార్గాలు లేకపోలేదు. తిశ్రగతి పాటలో దెబ్బ మాత్రమే మిగిలే చోటు, అంటే మధ్య అక్షరాలు పలికే తాళాలు, గిలకలు, చిన్న డప్పులు ఆగిపోయి పెద్ద డోలు ఒక్కటే మోగే భాగం ఎక్కడైనా ఉంటే, అక్కడ మారవచ్చు. అలాంటి చోటు లేకపోతే కలపడానికి ప్రయత్నించకుండా, ఒక పాటను ప్రతిధ్వనితో ముగించి, రెండు మూడు సెకన్ల ఖాళీ తరువాత రెండవదాన్ని స్వచ్ఛంగా మొదలుపెట్టండి. లేదా మీ దగ్గర ఉన్న పలకల ట్రాక్‌లు మీరే చేసుకున్నవి కాబట్టి, అదే దరువును చతురశ్రంలో మళ్లీ వాయించి రికార్డు చేసుకోండి. పలక వాయించే పెద్దవారిని అడిగితే ఈ గతిభేదం వాళ్లకు చిటికెలో పని, పేరు చెప్పకపోయినా చేతికి తెలిసి ఉంటుంది.

పాత సినిమా పాటల విషయంలో ఇంకొక చిక్కు ఉంటుంది. వాద్యబృందం అంతా కూర్చుని వాయిస్తుండగా రికార్డు చేసిన పాటల్లో వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకే అంకె మీద ఉండదు, చరణంలో కొద్దిగా ముందుకు జరుగుతుంది, పల్లవికి తిరిగి వచ్చేటప్పుడు కొద్దిగా తగ్గుతుంది. అది దోషం కాదు, ఆ పాట అందమే అందులో ఉంది. కానీ దెబ్బలను గుర్తిస్తూ కంప్యూటరు సమాన దూరంలో వేసిన గీతలు దానికి సరిపోవు.

పైన అన్నగారు చెప్పిన సంయమనం గురించి ఒక్క మాట. మన కర్ణాటక సంగీత కచేరీ క్రమాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చినది గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ అని చెబుతారు. అందులో మొదట వర్ణం ఉంటుంది. గొంతు, పక్కవాద్యాలు, వినేవారి చెవులు మూడూ కుదుటపడడానికి అది. వర్ణం తేలికైనదని ఎవరూ అనరు, ఎన్నో ఏళ్లు సాధన చేస్తేగానీ రెండు కాలాల్లో శుద్ధంగా పాడలేరు. విస్తారమైన రాగాలాపన, తనియావర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మాత్రం తరువాతే వస్తాయి. మీ గంటన్నరను ఆ దృష్టితో చూడవచ్చునని నాకు అనిపిస్తోంది.

కన్సోల్_వెనక:

నేను సౌండ్ ఇంజినీరును. రేణిగుంట రోడ్డులోని కల్యాణమండపాల నుంచి చెన్నై హోటళ్ల దాకా చాలా గదుల్లో పని చేశాను. ఇంతవరకు పాటల ఎంపిక గురించే మాట్లాడారు, ధ్వని గురించి నేను చెబుతాను, ఎందుకంటే పెళ్లిళ్ల నుంచి క్లబ్బుకు వచ్చే డీజేలలో నాకు కనిపించే అసలు తేడా అక్కడే ఉంటుంది.

ఊరేగింపులో పెట్టెలు ఆరుబయట ఉంటాయి, శబ్దం ఆకాశంలోకి పోతుంది, అందుకని మిక్సర్ మీద ఎర్ర దీపాలు వెలుగుతూ ఉండడం చాలామందికి మామూలైపోయింది. క్లబ్బు గది మూసి ఉంటుంది. అందులోనూ ఖాళీ గదికీ నిండిన గదికీ చాలా తేడా. మనుషుల శరీరాలు, బట్టలు శబ్దాన్ని, ముఖ్యంగా పై స్థాయి శబ్దాన్ని పీల్చుకుంటాయి. మనుషులు లేనప్పుడు అదే శబ్దం గోడలకూ నేలకూ కొట్టుకుని తిరిగి వచ్చి చెవుల్లో గుచ్చుతుంది. అందుచేత తొమ్మిది గంటలకు మీరు వినిపించేది తక్కువ స్థాయిలో, పై స్వరాలు కాస్త తగ్గించి ఉండాలి. జనం పెరిగే కొద్దీ మీరు ఏమీ ముట్టుకోకపోయినా ధ్వని తగ్గినట్టు వినిపిస్తుంది, అప్పుడు కొద్దికొద్దిగా పెంచండి.

మాస్టర్ స్థాయిని, అంటే గది మొత్తం ధ్వనిని, క్లబ్బు ఇంజినీరు నిర్ణయిస్తారు, దాన్ని మీరు కదపకండి. మీ చేతిలో ఉండేది ఒక్కో ఛానల్‌కు ఉండే, ఆ పాట స్థాయిని సరిచేసే ట్రిమ్ నాబ్. ఛానల్ మీటరు ఆకుపచ్చ చివర, అప్పుడప్పుడు నారింజ రంగును తాకేటట్లు పెట్టుకోండి, ఎరుపు వరకు ఎప్పుడూ పోనివ్వవద్దు. పాత పాటల రికార్డింగు స్థాయి తక్కువగా, ఇప్పటివాటిది చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతి పాటకూ ఈ సరిదిద్దడం తప్పదు. సెట్ చివర ఎరుపులో ఉండి అప్పగిస్తే, ప్రధాన డీజేకు పైకి వెళ్లడానికి చోటు ఉండదు. పది డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది. ఆ పది డెసిబెల్స్ ఆయన కోసం మిగల్చడమే తొలి డీజే చేయగల పెద్ద ఉపకారం.

చెవుల సంగతి కూడా ఆలోచించండి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చునని, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే లెక్క. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు సూచించిన ప్రమాణంలో కూడా పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటరాదని ఉంది. బార్ వెనక పనిచేసే కుర్రాళ్లు రాత్రంతా అక్కడే ఉంటారు, తొలి గంటన్నర తగ్గి ఉంటే వాళ్లకు ఆ మేరకు మేలు. మన ఊరేగింపుల్లో పది గంటలు కాగానే పోలీసులు వచ్చి ఆపించడం మీకు అనుభవమే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ల మీద ఉన్న నిషేధం నుంచి మూసి ఉన్న గదులకు మినహాయింపు ఉంది. అందువల్ల పది కాగానే క్లబ్బులో మిమ్మల్ని ఆపడానికి సాధారణంగా ఎవరూ రారు, ఆపుకోవలసింది మీరే.

ఇక ఫైళ్లు. ఊరేగింపు పెట్టెల్లో యూట్యూబ్ నుంచి దించిన పాట కూడా నడిచిపోతుంది. మంచి సబ్‌వూఫర్లున్న గదిలో దాని బేస్ మెత్తబడిపోయి, పై తాళాల శబ్దం నీళ్లలో ముంచినట్టు వినిపిస్తుంది. తక్కువ నాణ్యత ఫైలును 320 కేబీపీఎస్‌కు మార్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదు. కొన్న ఫైళ్లు, వేవ్ లేదా 320 ఎంపీత్రీ, ఇవే తీసుకువెళ్లండి.

సీడీజేల గురించి భయపడనవసరం లేదు. పాటలన్నింటినీ రెకార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించి, ప్లేలిస్టులుగా పేర్చి, అందులోని ఎక్స్‌పోర్ట్ సౌకర్యం ద్వారానే పెన్‌డ్రైవ్‌లోకి పంపండి. ఫోల్డరు కాపీ చేస్తే మీ క్యూ గుర్తులు (పాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో పెట్టుకున్నవి), ప్లేలిస్టులు అక్కడ కనిపించవు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, ఎన్‌టీఎఫ్ఎస్‌ను ఈ యంత్రాలు చదవవు. రెండు డెక్‌లను లాన్ కేబుల్‌తో కలిపి ఉంటే ఒకే పెన్‌డ్రైవ్‌లోని పాటలు రెండింటిలోనూ వస్తాయి. వేగం మార్చే టెంపో స్లైడరు పరిధిని 6 శాతానికి పెట్టుకుంటే చిన్న కదలికలు చేతికి అందుతాయి, మీ కంట్రోలర్ స్లైడరు కంటే ఇది చాలా పొడవు కాబట్టి మొదట్లో చెయ్యి తడబడవచ్చు. పాత పాటల గీతలు సరిపోకపోతే విశ్లేషణను, మారే వేగాన్ని అనుసరించే డైనమిక్ పద్ధతికి మార్చి చూడండి, కొంతవరకు నయమవుతుంది.

పీలేరు_గ్రూవ్:

అందరూ ఇంత జాగ్రత్తలు చెప్పాక మా చిత్తూరు మిత్రుడు శబ్దం చేయడానికే భయపడేటట్టున్నాడు. నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. తొలి సెట్ పేరుతో గంటన్నర సేపు ముఖం లేని సంగీతం, ఏ హోటల్ లాబీలోనైనా వినిపించేది, వాయించి వెళ్లిపోయేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. ప్రధాన డీజేకు ఇబ్బంది కలగలేదు, నిజమే. విన్నవారికి కూడా ఏమీ కలగలేదు. తగ్గి ఉండడమంటే వ్యక్తిత్వం లేకుండా ఉండడం అన్న అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

న్యూయార్క్‌లో డేవిడ్ మంకూసో అనే ఆయన 1970 ఫిబ్రవరి 14న తన సొంత నివాసంలోనే మొదలుపెట్టిన విందులు తరువాత ‘ది లాఫ్ట్’ అనే పేరుతో ప్రసిద్ధమయ్యాయి, నేటి క్లబ్ సంస్కృతికి మూలాల్లో అది ఒకటి. అక్కడ మద్యం అమ్మేవారు కాదు, తిరుపతివాళ్లం కాబట్టి ఈ సంగతి మనకు కాస్త నచ్చుతుంది. ఆయన రాత్రి తొలి ఘడియల్లో ఆడడానికి ఏ మాత్రం ఉద్దేశించని సంగీతం కూడా వినిపించేవాడు, మెల్లగా పెంచుకుంటూ పోయి, తెల్లవారేటప్పటికి మళ్లీ నెమ్మదింపజేసేవాడు. ఆ తొలి భాగం ఆయనకు కాలక్షేపం కాదు, రాత్రిలో విడదీయరాని భాగం. తొలి డీజేకు ఉన్న స్వేచ్ఛ ప్రధాన డీజేకు ఉండదు. ఆయన నుంచి జనం ఏం ఆశిస్తున్నారో ముందే నిర్ణయమైపోయింది. మీ నుంచి ఎవరూ ఏమీ ఆశించడం లేదు, ఆరు నిమిషాల నాదస్వర ఆలాపన కింద నెమ్మదైన బేస్ గీత పరిచినా అడ్డుచెప్పేవారు ఉండరు.

అందుచేత తెలుగు పాటల విషయంలో నా సలహా ఇది. తప్పకుండా వేయండి, అయితే తొమ్మిదిన్నర లోపల వేయండి, అందరూ ఈలలు వేసే పాటలు కాకుండా. ఆ గదిలో కన్నడిగులు, తమిళులు, మలయాళీలు, ఉత్తరాదివారు ఉంటారు. మాటలు తెలియనివారికి గొంతు కూడా ఒక వాద్యంలాగే వినిపిస్తుంది, అది మీకు లాభం. ప్రతి ఊళ్లోనూ దొరికే డీజేలు ముంబయి డీజేకు ముందు ముంబయి డీజేలాగే వాయిస్తారు. చిత్తూరు నుంచి వెళ్లి అదే చేస్తే మిమ్మల్ని అంత దూరం నుంచి పిలిపించుకోవడం దేనికి?

బైరాగిపట్టెడ_రాత్రి:

పీలేరు మిత్రుడి మాటలో మొదటి సగాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. లాబీ సంగీతం వాయించమని నేను చెప్పలేదు, అలా అర్థమై ఉంటే నా రాతలోని లోపం కాదనే అనుకుంటున్నాను. నాదస్వరం కింద బేస్ గీత ఆలోచన నాకు నిజంగా నచ్చింది, కానీ మంకూసో తన ఇంటికి తాను పిలిచిన అతిథులకు వాయించాడు, కోరమంగల క్లబ్బులో తొమ్మిదింబావుకు మేనేజరు గల్లాపెట్టె వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ప్రయోగం చేయండి, ఒక్కటి చేయండి, దానికి ముందూ వెనకా నడక స్థిరంగా ఉన్న పాటలు ఉంచండి. గది నిలబడితే పది గంటలకు ఇంకొకటి చేయండి.

పాట అడిగేవారి సంగతి అడిగారు. పెళ్లిలో అడిగినవారు డబ్బిచ్చిన వారి బంధువులు కాబట్టి వేయక తప్పదు. ఇక్కడ చిరునవ్వుతో విని, ‘చూస్తానండీ’ అని చెప్పి, మీ దారిన మీరు ఉండవచ్చు. మనవాళ్లు తెలుగులోనే అడుగుతారు, మీరూ తెలుగులోనే జవాబిస్తే సగం మంది అంతటితో సంతోషించి వెళ్లిపోతారు. మేనేజరే వచ్చి పాటలు వేగం పెంచమంటే మాత్రం వాదించకండి. వేగం పెంచకుండానే మాటలున్న, కాస్త తెలిసిన పాట ఒకటి వేయండి, ఆయనకు కావలసింది సాధారణంగా అదే.

అప్పగింత గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, మొత్తం రాత్రిలో మీ పేరు నిలిచేదీ పోయేదీ ఆ ఐదు నిమిషాల్లోనే. ఆయన పది గంటల ఇరవైకి బూత్‌లోకి (డీజే నిలబడే చోటికి) వస్తారనుకోండి, ముందు పలకరించి, ‘నా చివరి పాట మీద కలుపుతారా, ఆపేసి కొత్తగా మొదలుపెడతారా’ అని అడగండి. కలుపుతానంటే, చివర నిమిషం పైగా తాళవాద్యాలు మాత్రమే నడిచే పాట వేసి ఉంచండి. మొదలుపెడతానంటే, పాటను పూర్తిగా ముగియనివ్వండి. ఏ ఛానల్ మోగుతోందో వేలితో చూపించండి. మీరు ఈక్యూలో (కింది, మధ్య, పై స్థాయి శబ్దాలను సరిచేసే నాబ్‌లలో) ఏవైనా తగ్గించి ఉంటే మధ్యకు తెచ్చిపెట్టండి, ఎఫెక్టులు ఆపండి. అన్నింటికంటే ముఖ్యం, మీ పాట మోగుతుండగా మీ పెన్‌డ్రైవ్ తీయకండి. తీస్తే డెక్ చివరి కొన్ని దెబ్బలనే తిప్పితిప్పి వినిపిస్తుంది, గదిలో ఉన్నవారందరికీ ఏదో జరిగిందని తెలిసిపోతుంది. ఆయన రెండవ పాట మీదికి వెళ్లాక వచ్చి తీసుకోవచ్చు. ఆ తరువాత కనీసం అరగంట ఫ్లోర్ మీద ఉండి ఆయన సెట్ వినండి. క్లబ్బులు ఒంటిగంటకు మూసేస్తారు, చిత్తూరుకు నాలుగు గంటల ప్రయాణం, ముళబాగిలు దాటాక నిద్ర ముంచుకొస్తుంది, కాబట్టి రాత్రికి అక్కడే ఉండే ఏర్పాటు ముందే అడిగి పెట్టుకోండి. తొలి సెట్‌కు డబ్బు తక్కువే ఇస్తారు, ప్రయాణ ఖర్చూ బసా విడిగా అడగడంలో తప్పు లేదు.

చిత్తూరు_దరువు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పలక వాయించే మా పక్కవీధి పెద్దాయనను అడిగాను, డోలు అన్నగారు చెప్పినట్టుగానే ఆయన ఒకే దరువును మూడులోనూ నాలుగులోనూ వాయించి చూపించారు, పైగా ఇది అడగడానికి ఇంత మొహమాటం దేనికని నవ్వారు. నాలుగులో వాయించినదాన్ని 112 బీపీఎం మీద రికార్డు చేసుకున్నాను, దాన్ని తొమ్మిదిన్నర ప్రాంతంలో వేస్తాను. పెద్ద డ్రాప్‌లున్నవన్నీ వేరే ఫోల్డరులోకి మార్చేశాను. ఒక్క సందేహం మిగిలింది. సీడీజేల మీద చేయి తిరగడానికి ముందుగా ఎక్కడైనా అవకాశం దొరుకుతుందా, లేక నేరుగా ఆ రాత్రే చూసుకోవాలా?

కన్సోల్_వెనక:

నేరుగా ఆ రాత్రి వద్దు. బెంగళూరులోనూ చెన్నైలోనూ గంటల లెక్కన డెక్‌లు అద్దెకిచ్చే స్టూడియోలు, డీజే పాఠశాలలు ఉన్నాయి, ఒక పూట వెళ్లి మీ పెన్‌డ్రైవ్‌తోనే రెండు గంటలు కూర్చోండి. పాట ఎక్కించడం, క్యూ పెట్టడం, చెవితో విని వేగం కలపడం, పొరపాటున లూప్ పడి ఒకే ముక్క తిరుగుతుంటే బయటపడడం, ఇవి చాలు. మిగతా బటన్ల జోలికి పోవద్దు. కార్యక్రమం రోజున సాయంత్రం ఐదారు గంటలకల్లా క్లబ్బుకు చేరి, సౌండ్ చెక్ సమయంలో పది నిమిషాలు ఇమ్మని అక్కడి ఇంజినీరును అడగండి, ముందుగా అడిగినవారికి సాధారణంగా కాదనరు. బూత్ మానిటరు (బూత్‌లో మీకు వినిపించే స్పీకరు) ధ్వనిని విడిగా తగ్గించుకునే నాబ్ ఎక్కడుందో అప్పుడే చూసుకోండి. అవే పాటలున్న రెండవ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో ఉంచండి, హెడ్‌ఫోన్‌కు పెద్ద జాక్ అడాప్టరు కూడా.